కైస్కమ్మ తీరాన కుట్టిన చరిత్ర

దక్షిణాఫ్రికా తూర్పు కేప్‌లో, కైస్కమ్మ నది సముద్రంలో కలిసే చోట హాంబర్గ్ అనే పల్లె ఉంది. క్రిమియా యుద్ధం తర్వాత బ్రిటిష్ వాళ్లు తెచ్చి దింపిన జర్మన్ సిపాయిల వల్ల ఆ పేరొచ్చింది గానీ, ఊళ్లో ఉండేది ఖోసా జనం. 2000లో కరోల్ హాఫ్‌మెయర్ అక్కడికి కాపురం వచ్చారు. వైద్యం చదివి, తర్వాత చిత్రకళ కూడా నేర్చుకున్న మనిషి ఆమె. పనుల్లేని ఆడవాళ్ల చేతికి నాలుగు డబ్బులు వస్తాయని ఎంబ్రాయిడరీ మొదలుపెట్టించారు. కానీ ఎయిడ్స్‌తో వారం వారం ఊళ్లో శవాలు లేస్తుంటే మళ్లీ స్టెతస్కోపు పట్టక తప్పలేదు.

అవి దక్షిణాఫ్రికాకు చెడ్డ రోజులు. హెచ్‌ఐవీ వల్లే ఎయిడ్స్ వస్తుందన్న సంగతినే అధ్యక్షుడు తాబో ఎంబెకి శంకించారు. ఆరోగ్య మంత్రి వెల్లుల్లి, నిమ్మ, బీట్‌రూట్ తినమన్నారు. తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకకుండా గర్భిణులకు నెవిరపిన్ మందు ఇవ్వాలని 2002లో రాజ్యాంగ న్యాయస్థానం ఆదేశించాల్సి వచ్చింది. సర్కారు ఆసుపత్రుల్లో హెచ్‌ఐవీని అదుపులో పెట్టే ఏఆర్‌టీ మందులు మొదలయ్యేసరికి 2004 వచ్చింది. ఆ జాప్యానికి 3,30,000 మందికి పైగా బలయ్యారని హార్వర్డ్ పరిశోధకులు తర్వాత లెక్కగట్టారు. చావు పత్రాల్లో క్షయ అనో న్యుమోనియా అనో రాసేవారు. ఇంట్లోవాళ్లు కూడా అసలు పేరు పలకడానికి భయపడేవారు.

2005లో హాఫ్‌మెయర్, వందమందికి పైగా ఆడవాళ్లు కలిసి ఆ పేరు పలికించే పనికి పూనుకున్నారు. తాము కుట్టబోయే బొమ్మకు వాళ్లు ఎంచుకున్న నమూనా ఐదొందల ఏళ్ల నాటిది. ఇజెన్‌హైమ్ అనే ఊరి మఠంలో బలిపీఠం వెనక నిలపడానికి మథియాస్ గ్రూనెవాల్డ్ 1512–1516 మధ్య చిత్రించిన తలుపుల బొమ్మ అది. ఆ మఠం ఆసుపత్రి కూడా. బూజు పట్టిన రై గింజల రొట్టె తిని, ఒళ్లంతా మంటలు పుట్టి, కాళ్లూ చేతులూ కుళ్లిపోయిన రోగులు అక్కడికి వచ్చేవారు. రోగులను ముందు ఆ చిత్రం ఎదుటికి తీసుకెళ్లేవారు. సిలువ మీద తమలాగే పుండ్లు పడిన క్రీస్తు వాళ్లకు కనిపించేవాడు. మందు లేని రోగానికి ఆ ఊరట ఎంతటిదో రోజూ రోగులను చూసే డాక్టరుకు తెలుసు. ఆమె ఎంపికలో నాకు నచ్చింది అదే.

కైస్కమ్మ బొమ్మ తలుపులు మూసి ఉన్నప్పుడు సిలువ ముందు క్రీస్తు ఉండడు. సంతాప దుస్తుల్లో ఒక ఖోసా వితంతువు ఉంటుంది, చుట్టూ తల్లిదండ్రులు లేని పిల్లలు. తలుపులు తెరిస్తే రంగులు ఎగిసిపడతాయి: పక్షులు, చేపలు, పశువులు, ఇసుక తిన్నెల మీద పరుగెడుతూ పాదాలతో ముగ్గుల్లాంటి గీతలు గీసే ఊరి భక్తుడు. ఇంకో జత తెరిస్తే కుట్టు ఆగిపోయి ఫొటోలు వస్తాయి. ముగ్గురు అవ్వలు, నిలువెత్తున, పక్కన మనవలు. చుట్టూ పూసల అల్లిక. గ్రూనెవాల్డ్ దగ్గర ఆ చోట బంగారు పూత పూసిన సాధువుల చెక్క విగ్రహాలు ఉంటాయి. బిడ్డలను మట్టిలో పెట్టి, వాళ్ల బిడ్డలను ఎత్తుకున్న అవ్వలకు ఆ చోటు ఇవ్వడం కంటే గట్టిగా ఏ కరపత్రమూ మాట్లాడలేదు.

2006 ఆగస్టులో టొరంటోలో అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సు జరిగింది. అక్కడ దక్షిణాఫ్రికా ప్రభుత్వ స్టాలులో వెల్లుల్లి, నిమ్మకాయలు, బీట్‌రూట్ పేర్చి పెట్టారు. అదే ఊళ్లో, సెయింట్ జేమ్స్ చర్చిలో కైస్కమ్మ ఆడవాళ్ల బొమ్మ నిలబడింది.

అప్పటికి మందు ధర దిగివచ్చింది. 2001లో భారతీయ కంపెనీ సిప్లా ఏడాదికి 350 డాలర్లకే మూడు మందుల కలయిక ఇస్తామంది. అంతకుముందు అది పదివేల డాలర్ల మాట. 2003లో క్లింటన్ ఫౌండేషన్ ధర ఇంకా తగ్గిస్తూ చేసుకున్న ఒప్పందంలో హైదరాబాద్ కంపెనీలు హెటిరో, మ్యాట్రిక్స్ కూడా ఉన్నాయి. కొరత మందుది కాదు.

మందు వచ్చాక కూడా ఈ ఆడవాళ్లు సూది దించలేదు. ప్రభుత్వ వైద్యం కుంటుపడి మళ్లీ జనం పోతుంటే 2010లో పికాసో యుద్ధ బీభత్స చిత్రం 'గెర్నికా'ను తమదిగా కుట్టారు, పాత దుప్పట్లతో. 2022లో వాళ్ల రెండు దశాబ్దాల పనిని జొహానెస్‌బర్గ్‌లోని కాన్‌స్టిట్యూషన్ హిల్‌లో ప్రదర్శించారు. ఒకప్పటి జైలు అది. నెవిరపిన్ తీర్పు ఇచ్చిన న్యాయస్థానం ఇప్పుడు ఆ ఆవరణలోనే ఉంది.