వైద్యురాలికి అప్పగించిన పంతులమ్మ పని

మనం సర్వీసులో ఉన్న రోజుల్లో ‘ఎఫ్.ఎ.సి.’ అనే మాట ఎరుగనివారు లేరు. సొంత సీటు పనితో పాటు ఖాళీగా ఉన్న పక్క సీటు పనీ నెత్తిన వేసుకోవడం. మా ఉపాధ్యాయుల లోకంలోనైతే లెక్కల మాస్టారు లేని క్లాసుకు తెలుగు పండితుడు వెళ్ళడం. కొందరం సంతోషంగా చేశాం, కొందరం సణుగుతూ చేశాం. ఈ సందర్భంలో గుంటూరు చరిత్రలోని ఒక మహనీయురాలిని స్మరించుకోవడం సముచితమని భావిస్తున్నాను.

అమెరికా లూథరన్ మిషన్ తరఫున ఫాదర్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరు చేరి, ఇక్కడ పాఠశాలలు నెలకొల్పారు. బోధనతో మొదలుపెట్టిన ఆయన స్వదేశం వెళ్ళినప్పుడు వైద్యం చదివి, 1847లో డిగ్రీ పుచ్చుకొని తిరిగి వచ్చారు. డాక్టర్ అన్నా కుగ్లర్ కథ దీనికి తలక్రిందులు.

కుగ్లర్ 1856లో పెన్సిల్వేనియా రాష్ట్రంలో జన్మించారు. అక్కడి మహిళా వైద్య కళాశాలలో 1879లో పట్టభద్రులయ్యారు. గుంటూరులో స్త్రీలకు వైద్యం చేసే డాక్టరమ్మ కావాలన్న పిలుపు విని ముందుకు వచ్చారు. కాని ఆమెను పంపవలసిన మహిళా మిషనరీ సంఘం వైద్యసేవ ప్రారంభించడానికి అప్పటికి సిద్ధంగా లేదు. బోధన పనికైతే పంపుతామన్నారు. మరొకరైతే “నేను చదివింది దీనికా?” అని ఊరుకునేవారు. ఆమె ఒప్పుకున్నారు. అయినా వైద్యాన్ని వదలలేదు. 1883 నవంబరులో గుంటూరు చేరుకున్నారు.

అప్పగించిన పని జనానా బోధన. గడప దాటని స్త్రీల ఇళ్ళకు వెళ్ళి చదువు, మతబోధ చెప్పడం. అందుకు ముందు తెలుగు నేర్చుకోవాలి. పరాయి మతస్తురాలు తాకితే మైల అనుకునే రోజులవి. అటువంటి ఇళ్ళలోనే పాఠమూ చెప్పారు, నాడీ పట్టారు. రెండేళ్ళ తర్వాత, 1885లో గాని ఆమెను వైద్య మిషనరీగా అధికారికంగా గుర్తించలేదు. 1898లో గుంటూరులో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి వెలిసింది. తన ఇంట జరిగిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు రాజావారు అక్కడ రోగుల బంధువులకు సత్రం కట్టించారు. 1930 జూలైలో మరణించేవరకు ఆమె సేవ ఈ గడ్డకే అంకితమైంది. ఆ ఆసుపత్రికి ఆమె పేరే నిలిచింది.

ఆ రెండేళ్ళు వృథా అయ్యాయా? కాలేదనే నా నమ్మకం. పంతులమ్మగా నేర్చిన తెలుగే రోగి బాధ వినడానికి పనికివచ్చింది. పలక పట్టించిన చేతికే తర్వాత బిడ్డను అందించారు తల్లులు.

ఒక మాట దాచుకోకుండా చెప్పాలి. ఒక సంవత్సరం మా పాఠశాలలో సైన్సు మాస్టారు లేక, ఆ పీరియడ్లు నన్ను తీసుకోమన్నారు. అది నా సబ్జెక్టు కాదని రాసి ఇచ్చాను. నిబంధన ప్రకారం తప్పులేదు. ఆ ఏడు పదో తరగతి పిల్లలు సైన్సు చెప్పేవారు లేకుండానే పరీక్షకు వెళ్ళారు. కుగ్లరమ్మ చరిత్ర చదివినప్పుడల్లా ఆ పిల్లలే నాకు గుర్తుకు వస్తారు.

ఇప్పుడు మనకు ఉత్తర్వులిచ్చే అధికారి లేడు. పక్కింటి పిల్లవాడికి ఒక గంట చదువు చెప్పడానికి ఎవరి ఉత్తర్వూ అక్కరలేదు.