మహిమ జరగాలంటే పాట పడాలి

‘అమర్ అక్బర్ ఆంథోనీ’ (1977)లో షిర్డీ గుడి పాట చూసే ఉంటారు. రౌడీ తరుముకొస్తుంటే చూపులేని తల్లి తడుముకుంటూ గుళ్లోకి వస్తుంది. లోపల రిషికపూర్ ఖవ్వాలీ అందుకుని ఉంటాడు, గొంతు మహమ్మద్ రఫీది. వెంటపడ్డవాణ్ణి పాము అడ్డగిస్తుంది. చప్పట్లు జోరందుకుంటాయి. బాబా విగ్రహం కళ్లలోంచి రెండు జ్యోతులు బయల్దేరి, గాల్లో తేలుతూ వచ్చి ఆ తల్లి, నిరూపారాయ్ కళ్లలో కలిసిపోతాయి. ఆవిడకు లోకం కనిపిస్తుంది. ఇదే సినిమా మొదట్లో ముగ్గురు కొడుకుల నెత్తురు గొట్టాల్లో పైకెక్కి, ఒకే సీసాలో కలిసి ఈవిడ ఒంట్లోకి దిగింది కాబట్టి ఇదేమంత వింత కాదు. అయినా ఒళ్లు జలదరిస్తుంది. ఓసారి టీవీ గొంతు నొక్కేసి ఆ జ్యోతుల్ని చూడండి, దీపావళి సామాను కొట్టు గుర్తొస్తుంది.

మహిమకూ పాటకూ ఈ పొత్తు ఎప్పుడు కుదిరిందో చూడాలంటే సినిమాను దాటి డ్రామా డేరాల్లోకి వెళ్లాలి. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో ‘కీచకవధ’తో మొదలైన సురభి కుటుంబాల వాళ్లు మాయాబజారు ఆడితే లడ్డూలు ఎగిరొచ్చి ఘటోత్కచుడి నోట్లో పడేవి. అంతా సన్నని తీగల పనితనం. ఆ తీగ జనం కంటబడకుండా కాసింది సగం దీపాలైతే, సగం హార్మోనియం అంటాను నేను.

దాదాసాహెబ్ ఫాల్కే అయితే సినిమాల్లోకి రాకముందు గారడీ కూడా చేశారు. పేరు తిరగేసి ‘ప్రొఫెసర్ కేల్ఫా’ అని పెట్టుకున్నారు. 1919 నాటి ‘కాళీయ మర్దన్’లో తన కూతురు మందాకినికే బాలకృష్ణుడి వేషం వేశారు. అప్పటి చిట్కాల్లో మూలమైనది ఒకటుంది: కెమెరా ఆపడం, మనిషిని పక్కకు తప్పించడం, మళ్లీ తిప్పడం. తెరమీద మనిషి మాయం. కానీ అతుకు దగ్గర బొమ్మ చటుక్కున ఎగురుతుంది. టాకీలొచ్చాక ఆ అతుకు మీద పాట పరిచారు. చెవి ఆగకుండా సాగిపోతుంటే కన్ను ఆ కుదుపును పట్టించుకోదు.

ఈ విద్య పండింది పుణేలో, ప్రభాత్ వాళ్ల ‘సంత్ తుకారాం’ (1936)లో. దామ్లే, ఫత్తేలాల్ దర్శకులు, విష్ణుపంత్ పగ్నిస్ తుకారాం. ఇంద్రాయణి నదిలో ముంచిన తుకారాం అభంగాల గాథ నీళ్లలోంచి తిరిగొస్తుంది. చివర్లో గరుడవాహనం దిగుతుంది. మరుసటి ఏడు వెనిస్ ఉత్సవంలో మెప్పు పొందిందీ చిత్రం. నాకు వీటికంటే పెద్ద మహిమగా తోచేది వేరే ఉంది. సినిమా కోసం శాంతారాం ఆఠవలే రాసిన ఒక పాటను జనం తుకారాం అభంగమే అనుకున్నారు! మూడు వందల ఏళ్ల వెనకటి భక్తకవి ఖాతాలో తన పాట చేరిపోవడం కంటే సినీకవికి ఏం కావాలి? ఆ కథే 1973లో అంజలీదేవి నిర్మాణంలో, అక్కినేని తుకారాంగా, ఆదినారాయణరావు సంగీతంతో మన దగ్గరికొచ్చింది.

అంతకుముందే పి.పుల్లయ్య ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’ (1960)లో ఇంకో దారి తొక్కారు. అందులో ఒక పాటకు ఘంటసాల గారే తెరమీద కనిపించి పాడారు. పెదాలు కదిపే నటుడు పక్కకు తప్పుకుని, గొంతుగలాయనే స్వామి ముందు కూర్చున్నాడన్నమాట. 1975లో ‘జై సంతోషీ మా’ వచ్చేసరికి జనం హాలు బయట చెప్పులు విడిచి వెళ్లి, ఉషా మంగేష్కర్ హారతి పాటకు తెరమీదికి చిల్లర విసిరారు. 1995లో ‘అమ్మోరు’తో గ్రాఫిక్సు దిగింది, తీగల బాధ తీరింది.

వీటన్నిటిలో నాకిష్టమైనది మాత్రం ఏ గ్రాఫిక్సూ అక్కర్లేని మహిమ. వర్తకులు నూనె లేదు పొమ్మంటే, సాయిబాబా ద్వారకామాయిలో నీళ్లు పోసి ప్రమిదలు వెలిగించిన ఘట్టం. సచ్చరిత్రలో ఉన్నదే. తీయడానికి ఇంత చవకైన మహిమ ఇంకోటి లేదు. చెంబులో నీళ్లకు బదులు నూనె పోసుకుంటే సరి, కెమెరాకు తేడా తెలియదు. అంటే నమ్మించే భారమంతా పాట మీదే పడుతుంది. తెలుగునాట ఆ భారం మోసినవాడు ఇళయరాజా, కె.వాసు తీసిన ‘శ్రీ షిర్డీ సాయిబాబా మహత్యం’ (1986)తో. అందులో బాబాగా వేసిన విజయచందర్ రూపమే చాలామందికి బాబా రూపమైపోయింది.

శ్రీరామనవమి పందిట్లో వీసీఆర్ అద్దెకు తెచ్చి వేసిన సాయిబాబా సినిమాను మా నాయనమ్మ పక్కన కూర్చుని చూశాను. దీపాల ఘట్టానికి ముందు వెనక నుంచి వేణువు లేచింది, తబలా కలిసింది. నాయనమ్మ అప్పుడే చెంపలేసుకుని చేతులు జోడించింది. ప్రమిదలో ఇంకా నీళ్లయినా పొయ్యలేదు.