ఎలక్ట్రాన్‌కు దారి చూపిన గాజు బుడగ

ఎలక్ట్రాన్‌ను కనుగొన్నదెవరు అని అడిగితే హైస్కూలు విద్యార్థి కూడా తడుముకోకుండా జె.జె. థామ్సన్ అని చెబుతాడు. 1897లో కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో ఆయన వాడిన గాజు గొట్టాన్ని తయారు చేసిందెవరు అని అడిగితే మాత్రం చాలామంది నీళ్లు నములుతారు. ఆ పనివాడి పేరు ఎబనీజర్ ఎవరెట్. థామ్సన్‌కు సహాయకుడు. గాజును మంటలో మెత్తబరచి, నోటితో ఊది, ప్రయోగానికి కావలసిన ఆకారాన్ని తెచ్చేది ఆయనే. అసలు ఒక ఊపిరికీ ఎలక్ట్రాన్‌కూ సంబంధం ఎలా కుదిరింది?

గాజును ఊదడం రెండు వేల ఏళ్లనాటి విద్య. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దంలో మధ్యధరా సముద్రపు తూర్పు తీరంలో ఇది పుట్టింది. అంతకుముందు మట్టి ముద్ద చుట్టూ కరిగిన గాజును చుట్టి, చల్లారాక లోపలి మట్టిని గీకి తీసేవారు. ఒక చిన్న సీసాకే ఎంతో శ్రమ పట్టేది. ఊదడం తెలిశాక గాజు పాత్ర సామాన్యుల ఇళ్లకూ చేరింది.

ఊదడానికి గాజు ఎందుకు లొంగుతుంది? మంచుగడ్డ సున్నా డిగ్రీల దగ్గర కరిగి నీరవుతుంది. గాజుకు అలాంటి ఒక నిర్ణీత ఉష్ణోగ్రత లేదు. వేడెక్కేకొద్దీ మెల్లమెల్లగా మెత్తబడి, ముదురు బెల్లం పాకంలా సాగుతుంది. ఊదినప్పుడు బుడగ గోడ ఎక్కడ పలచబడితే అక్కడ త్వరగా చల్లారి గట్టిపడుతుంది. మందంగా ఉన్నచోటు ఇంకా వేడిగా ఉంటుంది కనుక ఉబ్బుతుంది. ఆ విధంగా గోడ మందం చాలావరకు తనంతట తానే సమమవుతుంది. కానీ పనివాడు గొట్టాన్ని తిప్పుతూనే ఉండాలి, లేకపోతే గాజు ఒక పక్కకు జారిపోతుంది. తయారైన వస్తువును నెమ్మదిగా చల్లార్చాలి, లేకపోతే లోపలి బిగువుకు పగిలిపోతుంది.

ఈ విద్యను భౌతికశాస్త్రానికి అందించినవారిలో ముఖ్యుడు హైన్రిష్ గైస్లర్. జర్మనీలోని తురింగియా ప్రాంతంలో గాజు పనివారి కుటుంబంలో పుట్టాడు. తర్వాత బాన్ నగరంలో పరికరాల తయారీ ప్రారంభించాడు. ఆనాటి పంపులలో ముషలకం పక్కనుంచి గాలి లోపలికి దూరేది. గైస్లర్ 1855లో ముషలకమే లేకుండా, గాజు గొట్టాల్లో పాదరసాన్ని పైకీ కిందికీ కదిలించి గాలిని తోడే పంపును తయారు చేశాడు. 1857లో ఆ పంపుతో గాజు గొట్టాల్లోని గాలిని చాలావరకు తీసివేసి, రెండు చివరలా ప్లాటినం తీగలు అమర్చాడు. ప్లాటినమే ఎందుకు? వేడికి అది దాదాపు గాజుతో సమానంగా వ్యాకోచిస్తుంది. అందువల్ల చల్లారాక అతుకు దగ్గర గాజు పగలదు, గాలి చొరబడదు.

తీగలకు అధిక విద్యుత్ పీడనం ఇస్తే గొట్టం వెలిగింది. హైడ్రోజన్‌కు ఒక రంగు, నైట్రోజన్‌కు మరో రంగు! గైస్లర్ గొట్టాలను మెలికలుగా, బుడగలుగా తీర్చాడు. జనం వాటిని వినోదంగా చూశారు. బాన్‌లోని ఆచార్యుడు ప్లుకర్ మాత్రం 1858లో ఆ కాంతి అయస్కాంతానికి వంగడం గమనించాడు. ఆయన శిష్యుడు హిటార్ఫ్ 1869లో ఆ కిరణాలకు అడ్డంగా ఉన్న వస్తువు నీడ పడటం చూశాడు. లండన్‌లో విలియం క్రూక్స్‌కు గొట్టాలు ఊదిపెట్టినవాడు చార్లెస్ గిమింగ్‌హామ్. 1895లో రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నది కూడా ఇలాంటి గొట్టంతోనే.

ఒక చిక్కు మిగిలింది. కాథోడ్ కిరణాలు విద్యుదావేశపు కణాలైతే విద్యుత్ క్షేత్రంలోనూ వంగాలి. 1883లో హెర్ట్జ్ ప్రయత్నించాడు, అవి వంగలేదు. గొట్టంలో మిగిలిన వాయువు విద్యుత్‌ను ప్రసారం చేసి, క్షేత్రాన్ని అడ్డుకుందని థామ్సన్ గ్రహించాడు. మరింత శూన్యమైన గొట్టంలో ప్రయత్నిస్తే కిరణాలు వంగాయి! అంటే ఎలక్ట్రాన్ రుజువు గాజు అతుకుల బిగువు మీద కూడా ఆధారపడింది.

థామ్సన్ చేతులకు పనితనం తక్కువనీ, పరికరాలను ఆయన తాకకుండా ఎవరెట్ జాగ్రత్తపడేవాడనీ ప్రతీతి. థామ్సన్‌కు 1906లో నోబెల్ బహుమతి లభించింది. గైస్లర్‌కు బాన్ విశ్వవిద్యాలయం 1868లో గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఎవరెట్ పేరు మాత్రం పాఠ్యపుస్తకాల్లో కనిపించదు.

నేడు బీకర్లూ పరీక్షనాళికలూ కర్మాగారాల్లో యంత్రాలపై తయారవుతున్నాయి. అయినా కొత్త ప్రయోగానికి కొత్త ఆకారం కావాలంటే మనిషే మంట ముందు కూర్చోవాలి. మన దేశంలోని కొన్ని పెద్ద విజ్ఞాన సంస్థల్లో గాజు పని విభాగాలున్నాయి. ఎప్పుడైనా అక్కడికి వెళ్లే అవకాశం వస్తే పరికరంతోపాటు దాన్ని ఊదిన మనిషినీ చూసి, ఆయన పేరు అడిగి తెలుసుకోండి.