విద్యార్థి వినిమయం (పాఠశాల స్థాయి)

ఒక దేశపు ఉన్నత పాఠశాల విద్యార్థి మరొక దేశానికి వెళ్ళి, కొన్ని వారాలు మొదలుకొని పూర్తి విద్యా సంవత్సరం వరకు అక్కడి ఒక కుటుంబంలో ఇంటిబిడ్డగా ఉంటూ, ఆ ఊరి పిల్లలతో పాటు అదే బడిలో చదువుకొనే ఏర్పాటును పాఠశాల స్థాయి విద్యార్థి వినిమయం అంటారు. విదేశీ విహారయాత్ర నుంచి, విదేశీ పట్టా చదువు నుంచి దీనిని వేరుచేసేవి రెండు: ఆ విద్యార్థిని తమ ఇంట ఉంచుకొనే ఆతిథ్య కుటుంబం, అతడు రోజూ హాజరు కావలసిన స్థానిక పాఠశాల. ఒక దేశం నుంచి ఒకరు వెళ్తే బదులుగా అక్కడి నుంచి ఒకరు రావాలన్న పరస్పరత కొన్ని పథకాలలో కచ్చితమైన నియమం కాగా, ఎక్కువ పథకాలలో అది దేశాల మధ్య మొత్తం లెక్కలకు మాత్రమే వర్తిస్తుంది.

ఆరంభ దశ

ఈ పద్ధతికి ఆద్యులెవరన్న విషయంలో భిన్న కథనాలున్నాయి. ఫ్రాన్సులోని నీస్ నగర రోటరీ క్లబ్బు 1927లో ఐరోపా విద్యార్థులతో జరిపిన మార్పిడిని రోటరీ సంస్థ తన యువజన వినిమయానికి తొలి ఘట్టంగా పరిగణిస్తుంది. అయితే విద్యా సంవత్సరం పొడవునా సాగే మార్పిడి ఆ సంస్థలో ప్రాబల్యం పొందినది రెండవ ప్రపంచయుద్ధం తరువాతనే కాబట్టి, 1927ను నేటి అర్థంలోని వినిమయానికి ఆరంభంగా తీసుకోవడం కొంత ఉదారమైన లెక్కే. అమెరికాకు చెందిన డొనాల్డ్ వాట్ 1932లో ప్రారంభించిన ‘ఎక్స్‌పెరిమెంట్ ఇన్ ఇంటర్నేషనల్ లివింగ్’ మరొక మూలం. ఆ ఏడాది ఆయన అమెరికన్ యువకులను స్విట్జర్లాండుకు తీసుకువెళ్ళి, ఐరోపా యువకులతో కలిపి ఒక శిబిరంలో ఉంచగా, ఏ దేశం వారు ఆ దేశం వారితోనే జట్టు కట్టడం కనిపించింది. ఆ తరువాతి సంవత్సరాలలో ఆయన శిబిరాన్ని విడిచి, ఒక్కొక్కరిని ఒక్కొక్క ఇంట ఉంచే పద్ధతికి మళ్ళాడు. ఆతిథ్య కుటుంబం అన్న అంశానికి సంబంధించినంత వరకు, అన్ని మూలాలలోకి వాట్ ప్రయోగానికే బలమైన ఆధారం ఉన్నదని చెప్పవచ్చు.

పాఠశాల, కుటుంబం అనే రెండు అంశాలనూ కలిపి విస్తృత స్థాయిలో నడిపిన తొలి పెద్ద సంస్థగా సాధారణంగా అమెరికన్ ఫీల్డ్ సర్వీస్‌ను పేర్కొంటారు. దాని చరిత్ర కొంత వివరంగా చెప్పుకోదగినది.

అమెరికన్ ఫీల్డ్ సర్వీస్

పొడి అక్షరాలలో ఏఎఫ్ఎస్ అని వ్యవహరించే ఈ సంస్థ విద్యాసంస్థగా పుట్టలేదు. మొదటి ప్రపంచయుద్ధం మొదలైన 1914లో పారిస్ శివారు నెయ్యీలోని అమెరికన్ సైనిక ఆసుపత్రికి క్షతగాత్రులను చేర్చడానికి పారిస్‌లోని అమెరికన్లు, స్వచ్ఛందంగా వచ్చిన మరికొందరు అంబులెన్సులు నడపసాగారు. హార్వర్డ్‌లో అర్థశాస్త్రం బోధించి, అమెరికా ఆర్థికశాఖలో సహాయ కార్యదర్శిగా పనిచేసిన ఏ. పియట్ ఆండ్రూ 1915 ఏప్రిల్‌లో ఫ్రెంచి సైన్యంతో ఒప్పందం చేసుకొని, ఆ వాహనాలను యుద్ధరంగం అంచు వరకు పంపే వ్యవస్థగా దానిని తీర్చిదిద్దాడు. సంస్థ పుట్టిన సంవత్సరాన్ని కొందరు 1914గా, మరికొందరు 1915గా రాయడానికి కారణం ఇదే; సేవ 1914లో మొదలైనదనీ, సంస్థ 1915లో ఏర్పడినదనీ విడదీసి చెప్పడం సమంజసంగా కనిపిస్తుంది. అమెరికా యుద్ధంలోకి దిగిన 1917లో దీనిని అమెరికన్ సైన్యంలో విలీనం చేసే నాటికి సుమారు 2,500 మంది ఇందులో పనిచేశారు. వారిలో ఎక్కువమంది పేరున్న కళాశాలల విద్యార్థులు.

రెండు యుద్ధాల నడుమ ఈ సంస్థ ఫ్రాన్సు, అమెరికాల మధ్య విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఉపకారవేతనాలు ఇచ్చింది. యుద్ధ సేవకూ తరువాతి విద్యార్థి వినిమయానికీ నడుమనున్న ఈ వంతెనను సంస్థ గురించిన ప్రచార రచనలు ఎక్కువగా ఒకటి రెండు వాక్యాలతో దాటవేస్తాయి; అంబులెన్సు కథకున్న ఆకర్షణ ఉపకారవేతనాల జాబితాకు ఉండకపోవడం సహజమే. ఆండ్రూ 1936లో మరణించగా, మొదటి యుద్ధంలో ఆయనకు సహాయకుడుగా ఉన్న స్టీఫెన్ గలాటి నాయకత్వం స్వీకరించి, 1939లో మళ్ళీ యుద్ధం రాగానే అంబులెన్సు సేవను పునరుద్ధరించాడు. ఈసారి చోదకులు ఉత్తర ఆఫ్రికాలోను, ఇటలీలోను బ్రిటిష్ దళాల వెంట ఉన్నారు. 1943 నుంచి భారత-బర్మా రంగంలోనూ పనిచేశారు. విద్యార్థుల కంటే ముందు ఏఎఫ్ఎస్ పేరుతో భారతదేశానికి వచ్చినవారు ఈ చోదకులే.

యుద్ధం ముగిశాక 1946లో న్యూయార్క్‌లో సమావేశమైన పూర్వ చోదకులు, ఇక అంబులెన్సులతో పని లేదు కాబట్టి సంస్థను మూసివేయాలా, మరొక పనికి మళ్ళించాలా అన్న ప్రశ్నను చర్చించి, ఉన్నత పాఠశాల వయసు పిల్లల వినిమయాన్ని చేపట్టాలని నిర్ణయించారు. విశ్వవిద్యాలయ విద్యార్థుల కంటే చిన్న వయసువారిని ఎంచుకోవడంలో ఒక స్పష్టమైన ఆలోచన ఉంది. పదహారేళ్ళ పిల్లవాడు ఒక ఇంట్లో ఇమిడినట్టు ఇరవై రెండేళ్ళ యువకుడు ఇమడలేడు. పైగా కుటుంబం తిండి, వసతి ఉచితంగా ఇస్తే, బడి రుసుము లేకుండా చేర్చుకుంటే, సంస్థకు మిగిలే ఖర్చు ముఖ్యంగా ప్రయాణానిదే. తొలి జట్టుగా 1947–48 విద్యా సంవత్సరంలో 10 దేశాల నుంచి 52 మంది అమెరికా చేరారు; ఆ దేశాలలో చెకొస్లొవేకియా, సిరియా కూడా ఉన్నాయి. మొన్నటి వరకు శత్రుదేశమైన జర్మనీ పిల్లలనూ ఆ తరువాత కొద్ది కాలానికే చేర్చుకోవడం గమనించదగినది. అమెరికన్ విద్యార్థులను విదేశాలకు పంపే వేసవి కార్యక్రమం 1950లో మొదలైంది. అమెరికా ప్రమేయం లేకుండా ఇతర దేశాల మధ్య నేరుగా మార్పిడి జరిగే బహుళజాతీయ పద్ధతి 1971లో వచ్చింది. సంస్థ స్వభావాన్ని నిజంగా మార్చినది 1946 నాటి నిర్ణయం కంటే 1971 నాటి ఈ మార్పేనని వాదించడానికి ఆస్కారముంది. అంతవరకు ప్రతి మార్గానికీ ఒక కొస అమెరికాయే.

ఏడాది చివర విద్యార్థులను బస్సులలో ఊరూరా తిప్పుతూ, దారిలోని పట్టణాలలో స్థానిక కుటుంబాల వద్ద బస చేయించి, తూర్పు తీరానికి చేర్చడం అప్పటి ఆనవాయితీ. ఆ క్రమంలో వాషింగ్టన్ చేరిన విద్యార్థులను ఉద్దేశించి అధ్యక్షుడు కెనడీ 1961, 1962, 1963 సంవత్సరాలలో శ్వేతసౌధం పచ్చికపై ప్రసంగించాడు. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో ఇటువంటి కార్యక్రమాలను అమెరికా దౌత్యంలో భాగంగా చూసినవారున్నారు. గలాటి తరం చోదకుల ఉద్దేశం వేరైనా, ప్రభుత్వాల ఆసక్తికి కారణం అదేనన్న మాటలో నిజం లేకపోలేదు. పూర్వ విద్యార్థులలో 1957–58లో ఇండియానా రాష్ట్రంలోని డెకాటర్‌లో చదివి తరువాత ఐక్యరాజ్యసమితి ఉప ప్రధాన కార్యదర్శి అయిన స్వీడన్ దౌత్యవేత్త యాన్ ఎలియాసన్, 1970ల తొలి అర్ధభాగంలో మేరీల్యాండ్‌లోని హోల్టన్-ఆర్మ్స్ పాఠశాలలో చదివి తరువాత ఐరోపా కేంద్ర బ్యాంకు అధ్యక్షురాలైన క్రిస్టీన్ లగార్డ్ ప్రసిద్ధులు.

ఐరోపా నమూనా

ప్రభుత్వాలే పూనుకొని నడిపిన వినిమయానికి ఫ్రాన్సు-జర్మనీలది ప్రధానోదాహరణ. ఫ్రాన్సు అధ్యక్షుడు ద గాల్, పశ్చిమ జర్మనీ చాన్సలర్ అడెనావర్ 1963 జనవరి 22న సంతకం చేసిన ఎలిసే ఒప్పందాన్ని అనుసరించి, అదే ఏడాది జులైలో రెండు దేశాల ఉమ్మడి యువజన కార్యాలయం ఏర్పడింది. దీని కింద నడిచే వోల్టేర్ కార్యక్రమంలో విద్యార్థి ఆరు నెలలు భాగస్వామి ఇంట ఉంటే, మరో ఆరు నెలలు ఆ భాగస్వామి ఇతని ఇంట ఉంటాడు. పరస్పరత ఇక్కడ ఇంటికి ఇల్లుగా అమలవుతుంది. ఇదే పద్ధతిలో 1991లో జర్మనీ-పోలాండ్ యువజన కార్యాలయం కూడా స్థాపితమైంది.

నియమాలు, నిర్వహణ

అమెరికాకు వెళ్ళే వినిమయ విద్యార్థులకు జె-1 వీసా ఇస్తారు. దీనికి ఆధారం 1961 నాటి ఫుల్‌బ్రైట్-హేస్ చట్టం. నిబంధనల ప్రకారం విద్యార్థి పదకొండేళ్ళకు మించి పాఠశాల విద్య పూర్తిచేయనివాడై ఉండాలి, లేదా కార్యక్రమం మొదలయ్యే నాటికి 15 ఏళ్ళు నిండి పద్దెనిమిదిన్నర ఏళ్ళు దాటనివాడై ఉండాలి. పాఠశాల లిఖితపూర్వకంగా అంగీకరించాలి, కుటుంబాన్ని ముందే ఎంపిక చేయాలి, కార్యక్రమం నడిపే సంస్థ తరఫు స్థానిక సమన్వయకర్త నెలనెలా విద్యార్థితోను, కుటుంబంతోను మాట్లాడుతూ ఉండాలి. కొందరు విద్యార్థులు ఆతిథ్య గృహాలలో వేధింపులకు, నిర్లక్ష్యానికి గురైన ఉదంతాలు బయటపడ్డాక, 2000 దశకంలో ఈ నిబంధనలు బిగిసి, ఇంటిలోని పెద్దలందరి నేరచరిత్రను పరిశీలించడం తప్పనిసరి అయింది. అమెరికాలో ఆతిథ్య కుటుంబానికి ప్రతిఫలం చెల్లించరాదు; అర్హతగల కార్యక్రమం ద్వారా వచ్చిన విద్యార్థిని ఉంచుకొన్నందుకు నెలకు 50 డాలర్ల వరకు పన్ను మినహాయింపు కోరే వీలు మాత్రం ఉంది. నేటి ధరలలో అది పిల్లవాడి అల్పాహారానికైనా చాలదు కాబట్టి, ఆతిథ్యం వెనుక లాభాపేక్ష ఉన్నదన్న అనుమానం అక్కడి కుటుంబాల విషయంలో నిలవదు. వాహనం నడపరాదు, మాదకద్రవ్యాల జోలికి పోరాదు, దారిన పోయే బండ్లను ఆపి ఎక్కరాదు అన్న మూడు నిషేధాలు ఏఎఫ్ఎస్‌లో చాలా కాలంగా ఉన్నాయి. వీటిని మీరినవారిని ఇంటికి తిప్పి పంపుతారు.

సర్దుబాటు

కొత్త సమాజంలో విద్యార్థికి కలిగే అయోమయాన్ని, దిగులును సాంస్కృతిక ఆఘాతం అంటారు. ఈ భావనను మానవశాస్త్రవేత్త కాలెర్వో ఓబెర్గ్‌కు ఆపాదించడం పరిపాటి. అయితే ఆయన 1954 ప్రసంగానికి మూడేళ్ళ ముందే కోరా దు బువా ఆ పదాన్ని వాడినట్టు తెలుస్తున్నది. ప్రాచుర్యం కల్పించిన ఘనత మాత్రం ఓబెర్గ్‌దే. అమెరికాలో చదివిన నార్వే ఉపకారవేతన గ్రహీతలను పరిశీలించిన స్వెర్రె లిస్‌గోర్ 1955లో, మొదట ఉత్సాహం, నడుమ కుంగుబాటు, చివర కోలుకోవడం అనే క్రమాన్ని పడిలేచే వక్రరేఖగా వర్ణించాడు. స్వదేశానికి తిరిగివచ్చాక ఇదే క్రమం మరొకసారి జరుగుతుందని గల్లహార్న్ దంపతులు 1963లో దానిని పొడిగించారు. వినిమయ సంస్థల శిక్షణ తరగతులలో ఈ రేఖలు నేటికీ బోధిస్తున్నా, న్యూజిలాండ్ వెళ్ళిన జపాన్ విద్యార్థులను నెలల తరబడి అనుసరించి 1998లో ప్రచురించిన అధ్యయనంలో తొలి ఉత్సాహ దశ కనబడలేదు. ఇబ్బంది అడుగుపెట్టిన రోజులలోనే అత్యధికంగా ఉండి క్రమంగా తగ్గింది. వేర్వేరు దశలలోని వేర్వేరు విద్యార్థులను పోల్చడం కంటే, ఒకే విద్యార్థిని మొదటి నుంచి చివరి వరకు గమనించిన పద్ధతికే ఎక్కువ విలువ ఇవ్వవలసి ఉంటుంది. విద్యార్థి తిరిగివచ్చాక ఎదురయ్యే ఇబ్బందిపై పరిశోధన సాపేక్షంగా స్వల్పం.

భారతదేశం, తెలుగు రాష్ట్రాలు

2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత, ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న దేశాల పిల్లలను ఒక విద్యా సంవత్సరం అమెరికాకు రప్పించడానికి అక్కడి ప్రభుత్వం 2002లో కెనడీ-లూగర్ యువజన వినిమయ, అధ్యయన పథకాన్ని ఏర్పాటు చేసింది. సెనేటర్లు ఎడ్వర్డ్ కెనడీ, రిచర్డ్ లూగర్‌ల పేరు మీద నడిచే ఈ పథకాన్ని పొడి అక్షరాలలో ‘యెస్’ అంటారు. ఖర్చంతా అమెరికా ప్రభుత్వానిదే. భారతదేశంలో ఏఎఫ్ఎస్ ద్వారా జరిగిన ఎంపికలలో తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు కూడా నెగ్గి ఏడాది పాటు అమెరికన్ కుటుంబాలతో గడిపి వచ్చారు. కుటుంబం సొంత ఖర్చుతో పంపవలసిన ఇతర పథకాలలో ఇటువంటి పిల్లలకు చోటు దొరకడం కష్టం కాబట్టి, తెలుగువారికి సంబంధించినంత వరకు యెస్ ప్రాధాన్యం మిగిలినవాటి కంటే ఎక్కువ.

జపాన్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఏజెన్సీ 2014లో మొదలుపెట్టిన సకురా సైన్స్ కార్యక్రమం కింద, పాఠశాల విద్యార్థుల విజ్ఞాన ఆవిష్కరణల కోసం కేంద్ర ప్రభుత్వం నిర్వహించే ఇన్‌స్పైర్ మానక్ పోటీలలో రాణించిన తెలుగు రాష్ట్రాల విద్యార్థులు జపాన్ వెళ్ళివచ్చారు. ప్రయోగశాలల సందర్శన ప్రధానమైన ఈ కొద్ది రోజుల యాత్రను విస్తృతార్థంలోనే వినిమయంగా లెక్కించవలసి ఉంటుంది.

ఏడాది పొడవు పథకాలలో తెలుగు విద్యార్థుల సంఖ్య పెరగడానికి పెద్ద అడ్డంకి డబ్బు ఒక్కటే కాదు. అర్హత వయసు సరిగ్గా పదో తరగతి ముగిసి ఇంటర్మీడియట్ నడిచే కాలంతో కలుస్తుంది. జేఈఈ, నీట్, ఈఏపీసెట్ శిక్షణలో మునిగే ఆ రెండేళ్ళ నడుమ ఒక ఏడాది బయట గడపడమంటే తోటివారి కంటే ఒక తరగతి వెనకబడటమేనని తల్లిదండ్రులు భావిస్తారు. అమెరికన్ బడి ఆగస్టు లేదా సెప్టెంబరులో తెరిచి మే లేదా జూన్‌లో మూస్తే, ఇక్కడి కళాశాలలు జూన్‌లోనే తెరుస్తాయి. అక్కడి తరగతిని ఇక్కడి తరగతికి సమానంగా గుర్తించడం కూడా ఆయా బోర్డుల అనుమతిపై ఆధారపడుతుంది.

యెస్ వంటి పథకాల కింద ప్రభుత్వ నిధులతో జె-1 వీసాపై వెళ్ళిన విద్యార్థి మొత్తం మీద రెండేళ్ళు స్వదేశంలో గడపనిదే, ప్రత్యేక మినహాయింపు పొందితే తప్ప, అమెరికాలో హెచ్-1బి ఉద్యోగ వీసాకు గాని శాశ్వత నివాసానికి గాని అర్హుడు కాడు. పట్టా చదువు కోసం ఎఫ్-1 వీసాపై మళ్ళీ వెళ్ళడానికి మాత్రం ఈ నిబంధన అడ్డురాదు.