డార్ట్‌మూర్ నిలువురాళ్లు, సమాధి గుట్టలు

డార్ట్‌మూర్ ఇంగ్లాండ్ నైరుతి భాగంలో, డెవన్ కౌంటీలో ఉన్న గ్రానైట్ పీఠభూమి. గడ్డి, హీథర్ పొదలు, చిత్తడి నేలలు తప్ప చెట్లు దాదాపుగా లేని ఇటువంటి ఎత్తైన బయళ్లను అక్కడ ‘మూర్’ అంటారు. సుమారు క్రీ.పూ. 2500–1500 మధ్య, అంటే నవీన శిలాయుగపు చివరి దశ నుంచి కంచు యుగపు తొలి శతాబ్దాల వరకు, అక్కడి జనం నిలిపిన రాళ్లూ పేర్చిన సమాధి గుట్టలూ ఈ బయలంతటా నేటికీ కనిపిస్తాయి. తరువాతి కాలాల్లో ఈ నేలలో చాలా భాగం నాగలి కిందకు రాకపోవడమే అవి మిగలడానికి ముఖ్య కారణం.

డార్ట్‌మూర్‌లో 70కి పైగా రాళ్ల వరుసలున్నాయి. వాటిలో ఒంటి వరుసలతో పాటు మెరివేల్‌లో ఉన్నటువంటి జంట వరుసలు, అక్కడక్కడ మూడేసి వరుసలు కూడా ఉన్నాయి. ఎర్మ్ నది ఎగువ లోయలోని వరుస 3 కిలోమీటర్లకు పైగా సాగుతుంది. చాలా రాళ్లు మోకాలెత్తు దాటవు గాని, డ్రిజిల్‌కూంబ్‌లో ఒక నిలువురాయి ఎత్తు 4 మీటర్లకు మించుతుంది. వరుసల్లో అనేకం ఒక కొసన సమాధి గుట్ట దగ్గర ముగుస్తాయి కనుక, వీటిని ఖగోళ పరిశీలనకు నిలిపారన్న ఊహ కంటే మృతులతో ముడిపెట్టి చూడడమే సమంజసం.

గుట్ట కింద, నాలుగు వైపులా రాతిపలకలు నిలిపి పైన మూతరాయి పరచిన పెట్టె తరచుగా ఉంటుంది. దీనిని స్థానికులు ‘కిస్ట్‌వాన్’ అంటారు. తెలుగు నేలలో జనం రాక్షస గుళ్లని పిలిచే ఇనుప యుగపు సమాధుల్లోనూ ఇటువంటి రాతిపెట్టెలు ఉన్నాయి. నిజాం కొలువులో పనిచేసిన ఫిలిప్ మెడోస్ టేలర్ 19వ శతాబ్దంలో దక్కన్ సమాధులను బ్రిటన్ సమాధులతో పోల్చి వ్రాశాడు. అయితే దక్కనువి చాలా తరువాతి కాలానివి, పోలిక నిర్మాణానికే పరిమితం.

నిధుల ఆశతో డార్ట్‌మూర్ పెట్టెలను చాలా వరకు ఎన్నడో పగలగొట్టారు. చెక్కుచెదరని వాటిలో సైతం ఆమ్లగుణమున్న మట్టి ఎముకలను కరిగించివేసింది. అందుకే 2011లో వైట్‌హార్స్ హిల్ మీద, పీట్‌లో, అనగా పూర్తిగా కుళ్లని మొక్కలు తడిలో పేరుకొని ఏర్పడిన నల్లని నేలలో, తవ్వి తీసిన పెట్టె అపూర్వమైనది. క్రీ.పూ. 17వ శతాబ్దం ప్రాంతానికి చెందిన ఆ పెట్టెలో, దహనం చేసిన ఒక యువవ్యక్తి అస్థికలు ఎలుగుబంటి తోలులో చుట్టి ఉన్నాయి. వాటితో పాటు అల్లిన బుట్ట, చెక్క చెవికమ్మలు, 200కు పైగా పూసలు దొరికాయి. పూసల్లో కొన్ని దూరదేశం నుంచి వచ్చిన అంబరువి, ఒకటి తగరపుది. తగరపు ఖనిజం డార్ట్‌మూర్ వాగుల్లోనే లభిస్తుంది.