వీరుల బొమ్మల్లో వేషధారణ కచ్చితత్వం

కథలోనో, సినిమాలోనో, కామిక్ పుస్తకంలోనో ఉన్న వీరుడి వేషం బొమ్మలోకి ఎంత సరిగ్గా దిగిందన్నదే వేషధారణ కచ్చితత్వం. దుస్తుల కోత, రంగు, ఆయుధం, ఆభరణం, ఛాతీ మీది గుర్తు, మీసకట్టు, తలకట్టు అన్నీ ఇందులోకి వస్తాయి. ఇప్పుడు ఈ మాట ఎక్కువగా వినిపించేది సూపర్‌హీరో యాక్షన్ ఫిగర్లు సేకరించేవాళ్ల దగ్గర. విషయం మాత్రం వాళ్లకంటే చాలా పాతది. గొల్లల కథావీరుడు కాటమరాజు బొమ్మకు రంగులేసిన తెలంగాణలోని చేర్యాల నకాషీ చిత్రకారుడికీ, హాంకాంగ్‌లో అడుగు ఎత్తు ఐరన్‌మాన్‌ను పోతపోసిన శిల్పికీ ఎదురైన చిక్కు ఒకటే: చూసినవాళ్లు పేరు అడగకుండానే వీరుణ్ని పోల్చుకోవాలి.

జహనుమా పరిసరాల్లో

హైదరాబాద్ పాతబస్తీలో చార్మినార్ నుంచి దక్షిణంగా, శాలిబండ మీదుగా ఫలక్‌నుమా వైపు వెళ్తే జహనుమా వస్తుంది. ఫారసీలో ఆ పేరుకు లోకాన్ని చూపేది అని అర్థం. ఇక్కడి చిన్న దుకాణాల్లో సూపర్‌హీరో బొమ్మలు అట్టకు అంటించిన ప్లాస్టిక్ బుడగల్లో వేలాడుతుంటాయి. అలాంటి స్పైడర్‌మాన్ ఒకటి చేతిలోకి తీసుకుని చూశాను. ముందువైపు ఎర్రటి ఛాతీ మీద సాలెగూడు గీతలు ఉన్నాయి. వెనక్కి తిప్పితే వీపంతా నున్నటి ఎరుపు, ఒక్క గీత లేదు. మోచేతి కీలు దగ్గర నీలం రంగు అతుకు దాటి ఎర్రటి చేతితొడుగు మీదికి పాకింది. కళ్ల తెలుపు ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ. అయినా అది ఎవరన్నది దుకాణం గడప దగ్గర నిలబడ్డ నాలుగేళ్ల పాప కూడా చెప్పేసింది.

వేషం చూసి వీరుణ్ని పోల్చుకోవడం ఈ గల్లీలకు సినిమాలతో వచ్చిన అలవాటు కాదు. దగ్గర్లోనే ఉన్న లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి ఆలయానికి ఆషాఢంలో బోనాలు కదిలినప్పుడు ముందు నడిచేది పోతరాజు. ఒళ్లంతా పసుపు, నడుముకు బిగించిన ఎర్రటి వస్త్రం, నుదుట కుంకుమ, కాళ్లకు గజ్జెలు, చేతిలో కొరడా. లోపల ఉన్న మనిషి ఏడాదికొకరు మారొచ్చు. ఆ పసుపు, ఆ గజ్జెలు, ఆ కొరడా మారకూడదు. పోతరాజు ఎలా ఉండాలో ఎక్కడా రాసి పెట్టలేదు, కానీ గజ్జెలు లేకుండా ఎవరైనా బయల్దేరితే వీధి చివరి ముసలమ్మే ఆపి అడుగుతుంది.

మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్న జంట కొయ్య శిల్పాన్ని కూడా ఇక్కడ తలచుకోవాలి. ఒకే దుంగలో ముందు వైపు మెఫిస్టోఫిలిస్, వెనుక మార్గరెటా. వెనక ఉన్న అద్దంలో ఆమె కనిపిస్తుంది. అతనికి తలముసుగు, బూట్లు. ఆమెకు వినయంగా జారిన దుస్తులు, చేతిలో ప్రార్థన పుస్తకం. వీళ్లు పాత్రలుగా ఉన్న గ్యేటే నాటకం పేరు కూడా వినని సందర్శకులకు సైతం ఎవరు దుర్మార్గుడో, ఎవరు అమాయకురాలో వేషమే చెప్పేస్తుంది.

మందెచ్చుల బొమ్మలు

తెలుగు నేల మీద వీరుల బొమ్మల చరిత్రలో తొలి పేజీ దక్కాల్సింది తెలంగాణ మందెచ్చుల బొమ్మలకేనని నా అభిప్రాయం. మందెచ్చులు గొల్లలకు కాటమరాజు కథ చెప్పే కళాకారులు. 13వ శతాబ్దంలో పశువుల మేత మీద పుల్లరి విషయంలో నెల్లూరు పాలకుడు నల్లసిద్ధితో తగవు వచ్చి, పాలేటి ఒడ్డున యుద్ధం దాకా వెళ్లిన గాథ అది. అటు నల్లసిద్ధి తరఫున ఖడ్గ తిక్కన, ఇటు కాటమరాజు, వెనక దేవత గంగమ్మ. కథకులు కొయ్య బొమ్మలను వరుసగా నిలబెట్టి, కథలో ఎవరి వంతు వస్తే ఆ బొమ్మను చేతికెత్తుకుని ఆడిస్తూ చెబుతారు. పేరుపేరునా వీరులు, చేత పట్టి ఆడించే బొమ్మలు, వాటి వెనక పొడవాటి కథ: ఇప్పటి యాక్షన్ ఫిగర్‌కు ఉన్న లక్షణాలన్నీ వీటికి ఎప్పుడో ఉన్నాయి.

ఈ బొమ్మలు చేసేది ఇప్పటి సిద్దిపేట జిల్లా చేర్యాలకు పేరు తెచ్చిన నకాషీ చిత్రకారులు. తేలికైన తెల్ల పొణికి కొయ్య చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో ముక్కు, మీసం, నగలు దిద్ది, సుద్ద పూసి, ఆపైన రంగు వేస్తారు. ఇక్కడ వేషం చాలావరకు రంగుతోనే మొదలవుతుంది. వీళ్లే గీసే నకాషీ పటాల్లో దేవుళ్లకు నీలం, దేవతలకు పసుపు, రాక్షసులకు ముదురు ఛాయలు వాడటం వాడుక. గుంపులో ఏ బొమ్మ ఎవరిదో దూరాన కూర్చున్నవాళ్లకు దీపం వెలుగులో కూడా తెలియాలి. అందుకే గీత లావుగా ఉంటుంది, రంగు మీద రంగు కలవదు, కన్ను పెద్దగా ఉంటుంది.

13వ శతాబ్దపు గొల్ల వీరుడు ఏం కట్టుకున్నాడో చేర్యాల చిత్రకారుడు చూడలేదు, చూసినట్టు చెప్పుకోలేదు కూడా. తనకు తెలిసిన తెలంగాణ పల్లెలోని ధోవతి కట్టు, తలపాగా, నగానట్రా వీరులకు తొడిగాడు. చరిత్ర పరిశోధకుడి లెక్కలో అది తప్పు. కథ వినే గొల్లల లెక్కలో అదే సరి, ఎందుకంటే కాటమరాజు వాళ్ల ఇంటి మనిషి. తమలా కట్టుకోకపోతే తమవాడెలా అవుతాడు? బొమ్మ చేయించుకునే కథకుడూ, కథ చెప్పించుకునే కులమూ, రంగు వేసే చిత్రకారుడూ ముగ్గురూ ఒప్పుకున్న రూపమే ఇక్కడ మూలం. పద్మశాలీల మార్కండేయ పురాణం, మాదిగల జాంబపురాణం, రజకుల మడేల్ పురాణం పటాలకూ ఇదే వర్తిస్తుంది. వాడి వాడి చిరిగిపోయిన పటాన్ని నదిలో కలిపి కొత్తది గీయించుకుంటారు. పాతదాన్ని దాచడం కంటే రూపం తప్పకుండా కొత్తదానిలోకి దిగడమే వాళ్లకు ముఖ్యం.

తోలు, కొయ్య, తెర

తోలుబొమ్మలాటలో వేషానికి ఇంకో కష్టం ఉంది. బొమ్మ కదలాలి. భుజం దగ్గర, మోచేయి దగ్గర విడి ముక్కల్ని దారంతో ముడివేస్తారు. నగలున్న చోట తోలుకు సన్నటి చిల్లులు పొడుస్తారు. వెనక దీపం పెడితే అవే రత్నాల్లా మెరుస్తాయి. దుస్తులు మార్చే వీలు లేదు కాబట్టి, ఒకే పాత్రకు సందర్భాన్ని బట్టి వేరే బొమ్మ కడతారు. అయోధ్యలో రాముడు వేరు, అడవిలో రాముడు వేరు. ఒక్క స్పైడర్‌మాన్‌కే పది రకాల సూట్లలో పది బొమ్మలు కొనే సేకర్తకు తోలుబొమ్మలు చేసే నిమ్మలకుంట కళాకారుడి పెట్టె చూపిస్తే ఆశ్చర్యపోడు.

కొండపల్లి కొయ్య బొమ్మల దశావతారాల్లో ఈ బాధ లేదు. అవి కదలవు. చేతులు విడిగా చెక్కి అతికించినా, బట్ట అంతా రంగే. మత్స్యానికి తోక, పరశురాముడికి గొడ్డలి, బలరాముడికి నాగలి, కృష్ణుడికి వేణువు. బొమ్మల కొలువులో పేరంటానికి వచ్చినవాళ్లు ఆ వస్తువుల్ని బట్టే అవతారాల్ని వరసగా చెప్పేస్తారు. నాగలి విరిగిన బలరాముడు ఎవరో చెప్పడం కష్టం.

సినిమా వచ్చాక మూలం మారింది. 1957లో విడుదలైన ‘మాయాబజార్’కు కళా దర్శకులు గోఖలే, కళాధర్. గోఖలే గీసిన రూపాలు, కిరీటాలు, నగలు ఆ తర్వాత తెలుగు ఇళ్లలో పురాణ పురుషుల రూపాలుగా స్థిరపడ్డాయి. ఎన్.టి. రామారావు కృష్ణుడిగా క్యాలెండర్ల మీదికి ఎక్కాక, మట్టి బొమ్మల కృష్ణుడిలో ఆయన పోలికలు కనిపించడం తెలుగువాళ్లకు వింత కాదు. బొమ్మ చేసేవాడు ఇక పురాణం వైపు కాక పోస్టర్ వైపు చూడటం మొదలుపెట్టాడు.

అమెరికా బొమ్మలు: గుడ్డా, పోతా?

యాక్షన్ ఫిగర్ అన్న పేరు 1964లో హాస్‌బ్రో కంపెనీ తెచ్చిన జి.ఐ. జోతో వాడుకలోకి వచ్చింది. బొమ్మ అంటే మగపిల్లలు ఆడుకోరన్న భయంతో పెట్టిన పేరు అది. దాదాపు 12 అంగుళాల సైనికుడు, తొడగడానికి నిజం యూనిఫారాలు. రెండేళ్లకే, 1966లో, ఐడియల్ కంపెనీ కెప్టెన్ యాక్షన్‌ను దింపింది. ఒకే బొమ్మ; ముసుగు, సూటు తొడిగితే సూపర్‌మాన్, మారిస్తే బ్యాట్‌మన్. వేషమే వీరుడన్న సంగతిని ఇంత సూటిగా చెప్పిన బొమ్మ ఇంకొకటి లేదు.

1972లో మెగో కంపెనీ 8 అంగుళాల సూపర్‌హీరోలను తెచ్చింది. లోపలి ఒళ్లు చాలావరకు అందరికీ ఒకటే, పైన గుడ్డ సూటు మారుతుంది. మొదట్లో వచ్చిన బ్యాట్‌మన్‌కు ముసుగు తీసి చూసే వీలుండేది. ఇక్కడే గుడ్డ బండారం బయటపడింది. బొమ్మను ఎంత చిన్నది చేసినా దారం సన్నబడదు. ఆరడుగుల మనిషిని ఆరో వంతుకు తగ్గిస్తే అడుగు ఎత్తు బొమ్మ అవుతుంది. అతని చొక్కా కుట్టు కూడా ఆరో వంతు కావాలి, కానీ కాదు. 8 అంగుళాల బొమ్మ మీద కుట్లు తాళ్లలా కనిపిస్తాయి, మడతలు ఉబ్బుతాయి, ఒంటికి అతుక్కోవాల్సిన సూటు పైజామా అవుతుంది.

1978లో కెన్నర్ కంపెనీ స్టార్‌వార్స్ బొమ్మలను మూడు ముప్పావు అంగుళాలకు తగ్గించినప్పుడు దుస్తులను ప్లాస్టిక్‌లోనే పోతపోసింది. కొండపల్లి కళాకారుడు కొయ్య మీద చేసిన పని అచ్చంగా అదే: బట్ట కుట్టకుండా బట్ట రూపాన్ని చెక్కి రంగు వేయడం. 1984లో అదే కెన్నర్ తెచ్చిన సూపర్ పవర్స్ బొమ్మలకు ఇంకో మేలు దక్కింది. డి.సి. కామిక్స్ తన వీరుల రూపాలన్నిటినీ ఒక ప్రామాణిక పుస్తకంలో స్థిరపరిచింది. హోసే లూయిస్ గార్సియా లోపెజ్ గీసిన ఆ బొమ్మలే శిల్పులకు కొలత అయ్యాయి. బూటు ఎంత ఎత్తు, నడికట్టు ఎంత వెడల్పు, ఛాతీ గుర్తు ఎక్కడ అన్నవి అన్నిచోట్లా ఒకేలా వచ్చాయి. మందెచ్చుల బొమ్మలకు ముగ్గురు కలిసి ఒప్పుకున్న రూపం ఉన్నట్టే, ఇక్కడ కంపెనీ పుస్తకం ఉంది.

అయినా తగువు తీరలేదు. 1962లో స్టీవ్ డిట్కో గీసిన స్పైడర్‌మాన్‌కు చంకల కింద సాలెగూడు వల ఉండేది. తర్వాతి చిత్రకారులు కొందరు దాన్ని వదిలేశారు. 1980ల చివర్లో టాడ్ మెక్‌ఫార్లేన్ కళ్లను చాలా పెద్దవి చేశాడు. బ్యాట్‌మన్ ఛాతీ మీది గబ్బిలం చుట్టూ పసుపు వలయం 1964లో వచ్చి చేరింది, 1989 సినిమాలో అతని సూటంతా నల్లబడింది. అందుకే సేకర్తలు సరిగ్గా ఉందా అని ఊరికే అడగరు. ఎవరి గీతకు సరిగ్గా ఉంది, ఏ ఏడాది సూటుకు సరిగ్గా ఉంది అని అడుగుతారు. 2002లో మొదలైన మార్వెల్ లెజెండ్స్ 6 అంగుళాల బొమ్మలు కీళ్లను బాగా పెంచాయి. దానివల్ల కదలిక పెరిగింది, గీతలు తెగాయి. స్పైడర్‌మాన్ నడుము వంచితే సాలెగూడు అక్కడే విరిగిపోతుంది. 2000లో హాంకాంగ్‌లో మొదలైన హాట్ టాయ్స్ ఆరో వంతు బొమ్మలతో మళ్లీ గుడ్డ దగ్గరికి వచ్చింది, ఈసారి సన్నటి నేతతో, సాగే బట్టతో, సినిమా దుస్తుల్ని దగ్గర పెట్టుకుని.

భారతదేశంలో ఫన్‌స్కూల్ తయారుచేసిన జి.ఐ. జో బొమ్మల సంగతి వేరే చెప్పాలి. ఇవి అమెరికా అచ్చులతోనే పోతపోసినా, చాలా బొమ్మల రంగులు అక్కడివాటితో కలవలేదు. ఆకుపచ్చ ఉండాల్సిన చోట మరో రంగు, ఒకరి తల మరొకరి ఒంటి మీద. ఇక్కడి పిల్లలకు అవే అసలు రూపాలు. వాళ్లు అమెరికా పెట్టెల్ని చూడలేదు. ఇప్పుడు విదేశీ సేకర్తలు ఆ తేడాల కోసమే వాటిని వెతుకుతున్నారు.

బాహుబలి కవచం

తెలుగు సినిమా వీరుల్లో వేషం లెక్కకు వచ్చిన పెద్ద సందర్భం ‘బాహుబలి’. 2015, 2017 సంవత్సరాల్లో వచ్చిన రెండు భాగాలకూ దుస్తులు రూపొందించినవారు రమా రాజమౌళి, ప్రశాంతి తిపిర్నేని. 2017లోనే బ్యాంకాక్ మేడమ్ తుస్సాడ్స్‌లో ప్రభాస్ మైనపు బొమ్మను అమరేంద్ర బాహుబలి వేషంలో నిలబెట్టారు. 2023లో మైసూరులోని ఒక మైనపు బొమ్మల మ్యూజియంలో అదే వీరుడి బొమ్మ ఒకటి కనిపించి అభిమానులను నొప్పించింది. ముఖం ప్రభాస్‌ది కాదని అందరూ అన్నారు. తమ అనుమతి లేకుండా, తమకు తెలియకుండా చేశారని, తొలగింపజేస్తామని నిర్మాత శోభు యార్లగడ్డ ప్రకటించారు. నాకు ముఖ్యంగా కనిపించేది ఇంకోటి: ఆ ఫొటో చూసిన ఎవరికీ అది ఎవరి బొమ్మో అనుమానం రాలేదు. కవచం చెప్పింది, నిలబడిన తీరు చెప్పింది. అంత చెప్పాక ముఖం అబద్ధమాడింది కాబట్టే అంత కోపం వచ్చింది.

జహనుమా దుకాణంలో నేను చూసిన స్పైడర్‌మాన్‌ను తర్వాత ఒక పిల్లవాడు కొనుక్కున్నాడు. మెట్ల మీద కూర్చుని బాల్‌పెన్నుతో దాని వీపు మీద సాలెగూడు గీస్తున్నాడు. ముందు మెడ కింద నుంచి నిలువు గీతలు, తర్వాత వాటిని కలుపుతూ వంపులు, మధ్యలో ఒక సాలీడు. నడుము దాకా వచ్చి, నీలం మొదలైన చోట పెన్ను ఎత్తేశాడు. ఎందుకాపావు బాబూ అంటే, నీలం మీద గీతలుండవు అంకుల్ అన్నాడు.