స్కాన్ పుస్తకాల అచ్చుదిద్దుబాటు

స్కాన్ చేసిన పుటలనుండి ఓసీఆర్ ద్వారా తీసిన పాఠ్యాన్ని మూలంతో పోల్చి, అందలి తప్పులను సవరించుటయే స్కాన్ పుస్తకాల అచ్చుదిద్దుబాటు. స్క్రీన్ రీడర్ సాయంతో పుస్తకాలు వినే అంధులకు ఇది చాలా అవసరం.

ఆవశ్యకత

చూపున్న పాఠకుడు చిన్న తప్పును సందర్భాన్నిబట్టి సరిచేసుకొంటాడు. స్క్రీన్ రీడర్ ఉన్నదానినే పలుకుతుంది. తొలగించని పుటసంఖ్య వాక్యం మధ్యలో వినిపిస్తుంది. పంక్తి చివర విరిగిన పదం రెండు ముక్కలవుతుంది. శీర్షికలను శీర్షికలుగా గుర్తిస్తేనే శ్రోత కోరిన అధ్యాయానికి నేరుగా వెళ్ళగలడు.

తెలుగులో సమస్యలు

ప-వ, మ-య, ద-ధ వంటి పోలికగల అక్షరాలు తారుమారవుతాయి, ఒత్తులు జారిపోతాయి. పూర్ణానుస్వారానికి బదులు అంకె సున్న (0) పడితే కంటికి తేడా తెలియదు, చెవికి మాత్రం పదం చెడుతుంది. పాత గ్రంథాలలోని అరసున్న, బండి ఱ తప్పులు కావు, వాటిని తొలగించరాదు.

విధానం

తెలుగు వికీసోర్స్‌లో ఒకరు దిద్దిన పుటకు పసుపు రంగు, మరొకరు సరిచూచి ఆమోదించిన పుటకు ఆకుపచ్చ రంగు గుర్తులు. ఇలా ప్రతులను పోల్చి దిద్దే పద్ధతి కొత్తది కాదు. 19వ శతాబ్దంలో సి.పి.బ్రౌన్ కడపలో పండితులచేత వ్రాతప్రతులను పోల్చి దిద్దించి, శుద్ధప్రతులు వ్రాయించాడు.

చట్టం

కాపీహక్కుల చట్టానికి 2012లో జరిగిన సవరణ, వికలాంగులకు అందుబాటు రూపంలో ప్రతులు తయారుచేయడానికి అనుమతించింది.